అడ్డదోవ, తూతూ మంత్రం, కె.సి. కెనాల్

సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో వారానికి ఒకసారైనా వినపడే ఇంగ్లీషు పలుకుబడి ఒకటుంది: ‘కటింగ్ కార్నర్స్’. టెస్టులు రాయకుండా కోడ్ పైకి పంపేస్తే ఈ మాట అంటారు. రివ్యూ చేసేవాడు చదవకుండానే బావుందని టిక్కు పెట్టేసినా అంటారు. ఎక్కడన్నా వంతెన కూలితే మర్నాడు ఇంగ్లీషు పేపర్లో ఇదే మాట. డబ్బో టైమో శ్రమో మిగుల్చుకోడానికి చెయ్యాల్సిన పనిలో కొంత ఎగ్గొట్టడం, ఎగ్గొట్టిన సంగతి పైకి కనపడకుండా చూసుకోవడం. స్థూలంగా ఇదీ అర్థం.

మాట గుర్రబ్బళ్ళ కాలం నాటిది. రోడ్డు మలుపు తిరిగే చోట పూర్తిగా చుట్టు తిరక్కుండా, మూలని కోసుకుంటూ అడ్డంగా పోవడం. నాలుగు గజాలు కలిసొస్తాయి. ఒక్కోసారి చక్రం గట్టెక్కి బండి బోల్తా పడుతుంది. 19వ శతాబ్దంలో అసలు బండి గురించే అన్న మాట, తర్వాత్తర్వాత పనిదొంగల మీదికి మళ్ళింది. దీన్ని తెలుగులోకి మాటకి మాట దించి ‘మూలలు కత్తిరించారు’ అని రాస్తున్నవాళ్ళు ఈమధ్య కనపడుతున్నారు. చదివితే టైలర్ గుర్తొస్తాడు తప్ప కాంట్రాక్టర్ గుర్తుకు రాడు.

మరి తెలుగులో దీనికేమంటాం? ఇక్కడే నాకు సరదాగా అనిపించే సంగతి ఉంది. ఇంగ్లీషువాడు ఒకే మాటలో కలిపేసిన రెండు విషయాల్ని మనం విడివిడిగా ఉంచుకున్నాం. దూరం తగ్గించుకోవడం ఒకటి. దానికి దగ్గరదారి, అడ్డదారి. సీమలో అయితే అడ్డదోవ. దగ్గరదారికి ఏ తప్పూ లేదు, ఎండలో నడిచేవాడెవడైనా దాన్నే వెతుక్కుంటాడు. అడ్డదారి ‘తొక్కితే’ మాత్రం నైతికంగా దిగజారినట్టే. మొత్తానికి ఈ కుటుంబం అంతా నడకకి సంబంధించింది.

రెండో కుటుంబం వేరు. ‘తూతూ మంత్రంగా చేశారు’, ‘మొక్కుబడిగా కానిచ్చారు’, ‘మమ అనిపించారు’. గమనించారా, మూడూ పూజలోంచి వచ్చినవే. మొక్కుబడి అంటే అసలు దేవుడికి మొక్కుకున్నది, తీర్చకపోతే కళ్ళు పోతాయని భయపడేంత బరువైన మాట. అదే ఇవాళ మనసు పెట్టకుండా చేసిన పనికి పేరైంది. ‘మమ’ ఇంకా బావుంటుంది. సంకల్పంలో పురోహితుడు చెప్పాల్సినదంతా చెప్పి, ‘మమ అనుకోండి’ అంటాడు. యజమాని అంటాడు. మమ అంటే సంస్కృతంలో ‘నాది, నా యొక్క’ అని. ఈ పని నాది అని ఒప్పుకోవలసిన ఒకే ఒక్క మాట, అర్థం తెలియకుండా అనేసేవాళ్ళ వల్ల, ‘నాది కాదు’ అనే అర్థానికి వచ్చి చేరింది.

ఈ రెండో రకంలో దూరం ఏమీ తగ్గదు. తంతు అంతా జరుగుతుంది, ఖర్చూ అవుతుంది, భోజనాలూ అవుతాయి. లోపల ఉండాల్సినదొక్కటే ఉండదు. కాబట్టి బోలెడు డబ్బు పోసి కూడా తూతూ మంత్రం చదవొచ్చు. ‘కటింగ్ కార్నర్స్’లో ఈ మెలిక పట్టదు. అందులో ఎప్పుడూ ఏదో ఒకటి మిగలాలి. ఈ తేడా మాటల్లోదేనా, బయట ప్రపంచంలో కూడా ఉందా అని చూస్తే, నాకు దొరికిన మంచి ఉదాహరణ కర్నూలు-కడప కాలువ. అందరూ పిలిచే పేరు కె.సి. కెనాల్.

కర్నూలుకి ఎగువన తుంగభద్ర మీద సుంకేశుల దగ్గర మొదలై, కర్నూలు ఊరి మధ్యలోంచి పోయి, నంద్యాల వైపు తిరిగి, కడప దగ్గర ముగిసే కాలువ ఇది. పొడవు దాదాపు 305 కిలోమీటర్లు. కింద సుమారు 2 లక్షల 65 వేల ఎకరాల ఆయకట్టు ఉంది. కర్నూలు సోనా అని హైదరాబాదులో, బెంగుళూరులో మనం కొనుక్కునే బియ్యంలో ఈ కాలువ నీళ్ళు ఉన్నాయి. దువ్వూరు, మైదుకూరు, ఖాజీపేట వైపు వరి, పసుపు దీని మీదే బతికాయి.

ఇంటర్నెట్‌లో తెలుగులో దీని చరిత్ర వెతికితే చాలా చోట్ల మొదటి వాక్యం ఒకటే ఉంటుంది: డచ్చి కంపెనీ తవ్వింది అని. డచ్చివాళ్ళకీ దీనికీ సంబంధం లేదు. తవ్వించింది 1858లో లండన్‌లో పుట్టిన మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ. ఒకరు రాసింది ఇంకొకరు సరిచూడకుండా ఎత్తి రాసుకుంటూ పోతే చరిత్ర కూడా ఇలాగే తయారవుతుంది. దానికి ఏ కుటుంబం మాట వాడాలో మీరే తేల్చండి.

ఆ కంపెనీ వెనకున్న ఊపు ఆర్థర్ కాటన్‌ది. ఆయన పేరు గోదావరి జిల్లాల్లో దేవుడి పేరు. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయింది. 1855 నాటికి బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట కూడా లేచింది. కరువుతో చచ్చే డెల్టా కొన్నేళ్ళలో మద్రాసు రాష్ట్రానికి అన్నం పెట్టే స్థాయికి వచ్చింది, ప్రభుత్వానికి శిస్తు పెరిగింది. సహజంగానే తర్వాతి ప్రశ్న: ఇదే ఇంకో నది మీద చేస్తే? ప్రభుత్వం దగ్గర డబ్బు లేకపోతే రైళ్ళకి చేసినట్టే ప్రైవేటు వాటాదారుల నుంచి తెస్తే?

రైళ్ళకి చేసినట్టే అంటే ఎలా? ఆ పద్ధతి తెలిస్తేగానీ మిగతా కథ అర్థం కాదు. లండన్‌లో కూర్చున్న వాటాదారు పెట్టిన డబ్బు మీద ఏటా 5 శాతం వడ్డీ గ్యారంటీ. లాభం వచ్చినా రాకపోయినా వస్తుంది. కంపెనీ సంపాదించలేకపోతే ఆ వడ్డీ భారత ఖజానా కడుతుంది. అంటే మన రైతు కట్టిన శిస్తులోంచి. ఇరిగేషన్ కంపెనీకి ఈ హామీ 10 లక్షల పౌండ్ల మూలధనం మీద ఇచ్చారు. ఏటా 50 వేల పౌండ్లు, ఒక్క మడి తడిసినా తడవకపోయినా. రైళ్ళ విషయంలో ఇదే ఏర్పాటు గురించి, భారత ఆర్థిక వ్యవహారాలు చూసి దిగిపోయిన మాస్సీ అనే పెద్దమనిషి 1872లో పార్లమెంటు కమిటీ ముందు ఒప్పుకున్నాడు: వాటాదారుకి వడ్డీ ఖాయమైనప్పుడు, తన డబ్బు ఇటుకలూ సున్నమూ అయిందా, హుగ్లీ నదిలో కలిసిందా అనేది అతనికి అనవసరమని.

ఇక్కడ ఇంగ్లీషు పలుకుబడి పనికిరాదని తెలిసిపోతుంది. కక్కుర్తి పడాల్సిన అవసరమే లేని కంపెనీ ఇది. ఖర్చు తగ్గించినందుకు ఎవరికీ రూపాయి రాదు, పెంచినందుకు ఎవరికీ నష్టం లేదు. అనుకున్నట్టే కంపెనీ మూలధనం కాలువ పూర్తయ్యేలోపే హరించుకుపోయింది, మళ్ళీ ప్రభుత్వమే అప్పు ఇవ్వాల్సి వచ్చింది. మొదట అనుకున్న పథకం తుంగభద్ర నీళ్ళని తూర్పు తీరం దాకా పడవల దారిగా తీసుకుపోయేంత పెద్దది. చేతికి వచ్చింది కడప దాకా వచ్చి ఆగిన ముక్క.

నేల మీద చేసిన పనికి వంక పెట్టడం మాత్రం కష్టం. అక్షరాలా ‘మూలలు’ కొయ్యని కాలువ ఏదన్నా ఉంటే ఇదే. మ్యాప్‌లో సుంకేశుల నుంచి కడపకి స్కేలు పెట్టి గీత గీస్తే 200 కిలోమీటర్ల లోపే. కాలువ 305. ఆ మిగతా వందా నేల వాలుని బట్టి, గుట్టల నడుము పట్టుకుని వంపులు తిరుగుతూ పోయినందుకు. నీళ్ళకి అడ్డదోవ ఉండదు. ఒక అడుగు తొందరపడి కిందికి దిగితే ఆ అడుగు ఇక తిరిగి రాదు, దిగువ చేలకి నీళ్ళెక్కవు. కర్నూలులో హంద్రీ నది అడ్డం వస్తే నదిమీద వంతెన కట్టి, రోడ్డు బదులు కాలువనే దాని మీద నడిపించారు. ఇప్పటికీ చూడొచ్చు.

ఒక్క చోట మాత్రం నిజంగానే కోశారు. మిట్టకందాల దగ్గర. తుంగభద్ర వైపు పారే వానకీ పెన్న వైపు పారే వానకీ మధ్య గట్టు అది. దాన్ని చుట్టి పోయే మార్గం లేదు, ఎందుకంటే అది ఒక కొండ కాదు, రెండు నదుల సరిహద్దు. అక్కడ లోతుగా తవ్వి నీళ్ళని అవతలి పరీవాహకంలోకి వదిలారు. అక్కణ్ణుంచి నిప్పులవాగు, గాలేరు, కుందూ. కొత్తగా తవ్వకుండా ఉన్న ఏళ్ళనే కాలువగా వాడుకుని, మధ్యమధ్య సంతజూటూరు, రాజోలి లాంటి ఆనకట్టలు కట్టి మళ్ళీ మళ్ళీ పక్కకి మళ్ళించారు, చివర పెన్న మీద ఆదినిమ్మాయపల్లె దాకా. ఇది దగ్గరదారి అంటే. వాగులు ఎటు పారతాయో ఓపిగ్గా చూసినవాడికే దొరికేది.

అసలు దగ్గరదారుల విషయంలో కాటన్‌కి మంచి పేరే ఉండాలి. ధవళేశ్వరం దగ్గర నది అడుగున రాయి లేదు, ఇసకే. ఇసక మీద ఆనకట్ట నిలవదని చాలామంది ఇంజనీర్ల నమ్మకం. ఆయన అంతకుముందు తంజావూరు వైపు పనిచేస్తూ కావేరి మీద చోళుల కాలం నాటి కల్లణైని దగ్గరగా చూశాడు, ఇసకలో రాళ్ళు వేసుకుంటూ పోతే అవి కొంత దిగి, దిగి, ఒకచోట కుదురుకుంటాయని దాన్నించే నేర్చుకున్నాడు. ఆ పాఠం మన పూర్వులు చెప్పిందేనని ఆయనే రాసుకున్నాడు కూడా. తక్కువ ఖర్చులో, వేగంగా, నాటు పద్ధతిలో కట్టిన గోదావరి ఆనకట్ట నిలిచింది. ఏది వదిలెయ్యొచ్చో తెలిసినవాడు వదిలేస్తే దాన్ని ఎగ్గొట్టడం అనరు, పనితనం అంటారు.

మరి తుంగభద్ర దగ్గర ఏం పోయింది? డెల్టాలో పనిచేసిన జవాబుని ఇక్కడి ప్రశ్న చదవకుండా ఎత్తి అతికించారు. మా వృత్తిలో రోజూ జరిగే పని ఇది. ఎవరో ఎక్కడో రాసిన నాలుగు లైన్లు కాపీ చేస్తాం, మన దగ్గర కూడా రన్ అవుతుంది, నిజమైన లోడ్ పడ్డ రోజున అర్థమవుతుంది అది వేరే సమస్యకి జవాబని.

డెల్టాలో నేల నది తెచ్చిపోసిన ఒండ్రు. కరువొచ్చినా వరదొచ్చినా అక్కడి రైతుకి వరి తెలుసు. కర్నూలు, నంద్యాల వైపు చాలాభాగం నల్లరేగడి. రేగడి నేల తనే ఒక చిన్న చెరువు లాంటిది, కురిసిన వానని లోపల పట్టుకుని నెలల తరబడి జొన్ననీ పత్తినీ కొర్రనీ బతికిస్తుంది. దానికి పైనుంచి కాలువ నీళ్ళు పెడితే బురదై మడక దిగదు, కాళ్ళు దిగబడతాయి. వరి మడి చెయ్యాలంటే చదును చెయ్యాలి, గట్లు వెయ్యాలి, ఎద్దులు ఎక్కువ కావాలి, ఎరువు కావాలి, నీటితీరువా కట్టాలి. మంచి వాన పడే ఏడాదిలో రైతు ఇవన్నీ ఎందుకు నెత్తిన వేసుకుంటాడు? వేసుకోలేదు. 1870ల మొదట్లో కాలువలో నీళ్ళు వచ్చాయి, తీసుకునేవాళ్ళు రాలేదు. ఆంగ్లేయ అధికారుల రాతల్లో ఇది రైతు మూర్ఖత్వంగా, బద్ధకంగా కనపడుతుంది. నాకు మాత్రం సరిగ్గా లెక్క వేసుకున్న మనిషిగా కనపడతాడు. తన పొలం గురించి ఆ మనిషికి తెలిసినంత, లండన్‌లో ప్రాస్పెక్టస్ రాసినవాళ్ళకి తెలీదు. వాళ్ళు వచ్చి అడగనూ లేదు.

పడవల సంగతీ అంతే. రైలు కంటే కాలువ చవక, సరుకు నీళ్ళ మీద పోవాలి అనేది కాటన్ జీవితాంతం చేసిన వాదన. ఫ్లారెన్స్ నైటింగేల్ లాంటివాళ్ళు కూడా సాగునీటి విషయంలో ఆయన పక్షానే నిలబడ్డారు. డెల్టాలో అది నిజమే. కానీ ఇక్కడ కాలువ పూర్తవుతున్న రోజుల్లోనే, 1871లో, మద్రాసు నుంచి కడప, గుంతకల్లు మీదుగా రాయచూరు దాకా రైలు కలిసిపోయింది, అక్కణ్ణుంచి బొంబాయికి. లాకులు దాటుకుంటూ, ఎండాకాలం నీళ్ళ కోసం ఆగుతూ వెళ్ళే పడవ దానితో ఏం పోటీ పడుతుంది?

ఎండాకాలం నీళ్ళ కోసం ఆగుతూ అన్నాను. అసలు లోపం అదే. సుంకేశుల దగ్గర కట్టింది ఆనకట్ట, జలాశయం కాదు. నదిలో నీళ్ళుంటే పక్కకి మళ్ళిస్తుంది, లేకపోతే లేదు. గోదావరి డెల్టాకి అది సరిపోయింది, ఎందుకంటే గోదావరి అంత నది. తుంగభద్ర వానాకాలంలో పొంగి, వేసవిలో రాళ్ళు తేలే నది. ఎగువన నిల్వ లేకుండా 300 కిలోమీటర్ల కాలువ తవ్వడం అంటే, ట్యాంకు పెట్టకుండా ఇల్లంతా పైపులు వెయ్యడం.

1876లో వానలు పోయాయి. తర్వాతి రెండేళ్ళూ ధాత కరువు. బళ్ళారి, కర్నూలు, కడప దాని నడిబొడ్డు. ఊళ్ళకి ఊళ్ళు లేచిపోయాయి. 1871 జనాభా లెక్కలకీ 1881 లెక్కలకీ మధ్య కర్నూలు జిల్లాలో దాదాపు నాలుగో వంతు మనుషులు లేరు. చచ్చిపోయారు, వలస పోయారు, పుట్టాల్సినవాళ్ళు పుట్టలేదు. అప్పుడు మాత్రం వద్దన్న రైతులే కాలువ దగ్గరికి వచ్చారు, తడిసిన భూమి అమాంతం పెరిగింది. కానీ కాలువ అందేది ఆ పొడవాటి సన్నటి పట్టీకే. జిల్లాలో మిగతా అంతా అలాగే ఎండింది. కరువు వల్ల కాటన్ గెలిచినట్టా, ఓడినట్టా అని 1878లో పార్లమెంటు కమిటీ ముందు పెద్ద వాదనే నడిచింది. రైళ్ళవాళ్ళు కె.సి. కాలువని చూపించి సాగునీటి పథకాలే దండగ అన్నారు. నా మటుకు అది ఇంకో తొందరపాటు. ఒక చోట సరిగ్గా ఆలోచించకుండా చేసిన పనిని సాకుగా పెట్టుకుని, ఆలోచించి చేయాల్సిన పనులన్నిటినీ ఎగ్గొట్టడం. దాని నష్టం సీమకి కాలువ నష్టం కంటే పెద్దది. చివరికి 1882లో ప్రభుత్వమే కంపెనీని కొనేసింది. వాటాదారుల డబ్బు భద్రం.

ఇంతకీ అప్పుడే, అక్కడే ఎలా చూడాలో తెలిసినవాళ్ళు ఉన్నారా? ఈ ప్రశ్న వెయ్యకపోతే ఇదంతా నూటయాభై ఏళ్ళ తర్వాత తీరిగ్గా కూర్చుని తప్పులు పట్టడమే అవుతుంది. ఉన్నారు. కాలువ ఆగిపోయిన కడప జిల్లాలోనే పోరుమామిళ్ళ ఉంది. అక్కడి చెరువు 1369 నాటిది. కట్టించింది విజయనగర బుక్కరాయల కొడుకు భాస్కరుడు, భవదూరుడని ఇంకో పేరు, ఉదయగిరి నుంచి ఏలినవాడు. అనంతరాజసాగరం అని పేరు పెట్టాడు. రోజూ వెయ్యి మంది మనుషులు, వంద బండ్లు, రెండేళ్ళు పట్టిందని సంస్కృతంలో శాసనం వేయించాడు.

శాసనాల్లో సాధారణంగా ఉండేది వంశం, దానం, శాపం. ఈ శాసనంలో ఇంకోటుంది. మంచి చెరువుకి కావలసినవి 12, ఉండకూడనివి 6. కావలసిన వాటిలో ధర్మం తెలిసిన ధనవంతుడైన రాజు ఉన్నాడు, నీటి శాస్త్రం చదివినవాడు ఉన్నాడు, గట్టి మట్టి నేల, తియ్యటి నీళ్ళ నది, ఆనుకోడానికి కొండ, మరీ పొడవు కాని గట్టి రాతికట్ట, దగ్గర్లో రాతి గని, దిగువన చదునైన సారమున్న పొలాలు, చివరగా కట్టడం తెలిసిన పనివాళ్ళ గుంపు. పనివాళ్ళ నైపుణ్యాన్ని రాజుతో పాటు ఒకే లిస్టులో వేసిన శాసనం ఎన్నిసార్లు చూస్తాం? ఈ సీమలో చెరువులు తవ్విన వడ్డెరల ఊసు పుస్తకాల్లో ఎంత ఉందో తెలిసినవాళ్ళకి ఆ పన్నెండో అంశం ప్రత్యేకంగా కనపడుతుంది.

ఆరు దోషాలు ఇవి: కట్టలోంచి నీళ్ళు కారడం, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం, చెరువు నడుమ తాబేటి వీపులా మిట్ట ఉండటం, నీళ్ళు తక్కువై తడపాల్సిన భూమి ఎక్కువ కావడం, భూమి తక్కువై నీళ్ళు ఎక్కువ కావడం.

మూడోదీ అయిదోదీ మళ్ళీ చదవండి. చెరువు కోసం రాసిన లిస్టుని కాలువకి పెట్టి చూడటం కొంచెం జబర్దస్తీయే, ఒప్పుకుంటాను. అయినా చూద్దాం. 1860ల్లో సుంకేశుల దగ్గర తుంగభద్రకి ఇటు ఒడ్డు కంపెనీ చేతి నుంచి అప్పుడే రాణి చేతికి వచ్చిన కర్నూలు, అటు ఒడ్డు నిజాం రాజ్యం. ఇవాళ ఇటు ఆంధ్రప్రదేశ్, అటు తెలంగాణ, ఎగువన కర్ణాటక. రాజ్యాల పేర్లు మారాయి, సరిహద్దు అక్కడే ఉంది. ఇక అయిదో దోషం, నీళ్ళు తక్కువ భూమి ఎక్కువ, కె.సి. కాలువ చివరి ఆయకట్టు రైతు ఏటా డిసెంబరుకి అనుభవించేదే.

ఈ శాసనం పండితుల చేతుల్లో పడి అచ్చయింది 20వ శతాబ్దంలో. కంపెనీ ఇంజనీర్లకి అది చదివే వీల్లేదు, నిజమే. కానీ అది ఒక్క రాయి మీద ఉన్న రహస్యం కాదు కదా. ఆనాటి కర్నూలు జిల్లాలోనే కంభం చెరువు ఉంది, కళ్ళ ముందు, కొండల మధ్య కట్ట వేసి నీళ్ళు నిలిపిన చెరువు. వందల ఏళ్ళుగా ఈ ప్రాంతం నేర్చుకున్న పాఠం ఒక్కటే: సీమలో ముందు నిల్వ, తర్వాత పారకం. కావేరిలో కల్లణై ముందు ఆగి నేర్చుకున్న మనిషి తరఫువాళ్ళు కంభం కట్ట మీద ఆగి నేర్చుకోలేదు.

నిల్వ వచ్చేసరికి 1953 అయింది. హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యామ్. అది వేరే రాష్ట్రంలో. కృష్ణా జలాల మీద బచావత్ ట్రిబ్యునల్ కె.సి. కాలువకి 39.9 టీఎంసీలు కేటాయించింది, అందులో 10 ఆ డ్యామ్ నుంచి వదలాలి, మిగతావి నదిలో పారితే తీసుకోవాలి. పారితే. సుంకేశుల బ్యారేజీలో ఆగేది టీఎంసీకి కాస్త పైన. అందుకని ఒకదాని మీద ఒకటి అతుకులు. శ్రీశైలం నీళ్ళు పోతిరెడ్డిపాడు, బనకచర్ల మీదుగా వచ్చి కాలువ దిగువ భాగాన్ని నింపుతాయి. ముచ్చుమర్రి దగ్గర మోటార్లు పెట్టి ఎత్తిపోస్తారు. 1990ల్లో జపాన్ రుణం తెచ్చి కాలువని ఆధునికీకరించారు. మధ్యలో అలగనూరు దగ్గర దాదాపు మూడు టీఎంసీల జలాశయం కట్టారు, దాని కట్ట కుంగింది. సుంకేశులకి ఎగువన గుండ్రేవుల దగ్గర 20 టీఎంసీల జలాశయం కట్టాలన్న డిమాండ్ ఏళ్ళుగా సభల్లో, పాదయాత్రల్లో, ఎన్నికల హామీల్లో తిరుగుతోంది. మొదట్లో కట్టని ట్యాంకు అది. మేం దీన్నే టెక్నికల్ డెట్ అంటాం. మాకైతే అయిదారేళ్ళలో ఆ సిస్టమే మూలన పడుతుంది, అప్పు కూడా దానితోనే పోతుంది. కాలువల అప్పుకి ఆ సౌకర్యం లేదు.

సీమలో తూతూ మంత్రం అంటే నీళ్ళు రాకపోవడం ఒక్కటే కాదు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ ఒకేసారి పొంగి కర్నూలు మునిగింది, సుంకేశుల మట్టికట్ట తెగింది. అంత వరద ఎవరి లెక్కలోనూ లేదు కాబట్టి దాన్ని ఎగ్గొట్టిన పని ఖాతాలో వెయ్యడం న్యాయం కాదు. కడప జిల్లాలో 2021 నవంబరు 19న జరిగింది మాత్రం వేరు. చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు. ఎగువన పింఛా నుంచి వచ్చిన వరదకి తెల్లవారుజామున మట్టికట్ట కొట్టుకుపోయింది. పులపుత్తూరు, మందపల్లి, తొగురుపేట ఊళ్ళ మీద నీళ్ళు పడ్డాయి, పదుల మంది పోయారు. ప్రాజెక్టుకి ఉన్న గేట్లు అయిదు. ఆ రాత్రి పైకి లేచినవి నాలుగు.